మా పిల్లల్లో ఒకడు అడుగుతున్నాడు

ఉపాధ్యాయులకు దూరవిద్య కోర్సులు నడిపే పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ఆ ఉద్యోగం నేను వదిలి ఎంతో కాలం కాలేదు గానీ, వాళ్ల దృష్టిలో నేను రిటైరైనవాడినే. వాళ్లు అడిగేవి మూడు రకాలు. వీడియో ఎంత సైజులో ఉండాలి? సిగ్నల్ సరిగా అందని ఊళ్లకి ఎలా పంపాలి? హాజరు ఎలా నమోదు చేయాలి? నాలుగోది ఎవరూ అడగరు: సందేహాల పెట్టె ఖాళీగా ఉంటే ఏం చేయాలి? నా ప్రాణం తీసింది ఆ నాలుగోదే కాబట్టి, అడక్కపోయినా చెబుతున్నాను.

మా ఆఫీసు గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క మేడ మీద ఉండేది. కృష్ణా డెల్టాలోని హైస్కూళ్ల లెక్కల ఉపాధ్యాయులకి బీజగణితాన్ని మళ్లీ గుర్తుచేయడం మా కోర్సు పని. ‘నేర్పడం’ అనకూడదు. నేను చేరిన రోజే కరపత్రంలో ఆ మాట కనబడితే మా ఇన్‌ఛార్జి మేడం కలంతో కొట్టేసి, ‘పునశ్చరణ’ అని రాయించారు. “వాళ్లకి నేర్పేదేముందయ్యా? అందరికీ వచ్చు. కాస్త దుమ్ము దులపడమే” అన్నారు. అప్పుడు అది నాకు మర్యాదలాగా వినిపించింది. అది హెచ్చరిక అని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

వారానికో వీడియో పాఠం, దాని మీద కొన్ని లెక్కలు. వాళ్లు చేతిరాతతో చేసి ఫోటో తీసి పంపాలి. శనివారం మధ్యాహ్నం లైవ్ క్లాసు. నేను చదివింది బీటెక్. వీడియోలు ఎక్కించడం, లైవ్ నడపడం, వచ్చిన అసైన్‌మెంట్లు మొదటి చూపు చూడటం, సందేహాల పెట్టె కనిపెట్టుకుని ఉండటం నా పనులు. మొదటి మూడూ సజావుగానే సాగాయి. వీడియోల్లో లోపం ఉందంటే అది మా వీధిది: ఒక పాఠంలో సమీకరణం సరిగ్గా తేలే చోట కింద ఆటో అతను “బస్టాండ్, బస్టాండ్” అని అరిచిన అరుపు ఇప్పటికీ అలాగే ఉంది.

సందేహాల పెట్టె అంటే తెర మీద చిన్న గడి. ‘మీ సందేహం ఇక్కడ రాయండి’ అని ఉండేది. వారాలు గడిచినా అందులో ఒక్క సందేహం పడలేదు. గడి కనబడటం లేదేమోనని పెద్దది చేశాను. పేరు బయటపడుతుందని జంకుతున్నారేమోనని పేరు లేకుండా పంపే వీలు పెట్టాను. గుడివాడ వైపు నుంచి ఒకాయన ఫోన్ చేసి, “పేరు కనబడదంటారు గానీ బాబూ, మీకు కూడా కనబడదా?” అని అడిగారు. కనబడుతుంది. అబద్ధం చెప్పలేక నీళ్లు నమిలాను. “అదీ సంగతి” అని పెట్టేశారు. చివరికి, ఏదో ఒకటి రాస్తే తప్ప తర్వాతి పాఠం తెరుచుకోకుండా చేశాను. ఆ వారం పెట్టె నిండిపోయింది. ‘సందేహాలు లేవు. క్లాసు చాలా బాగుంది. ధన్యవాదములు.’ ఒకరు ‘శుభోదయం’ అనీ, తామరపువ్వు బొమ్మా పంపారు.

సందేహాలు నిజంగానే లేకపోతే నాకేం బాధ? అసైన్‌మెంట్లు చూస్తుంటే ఉన్నాయని తెలుస్తూనే ఉంది.

పామర్రు కేంద్రం నుంచి వచ్చిన కట్టనే తీసుకోండి. వర్గ సమీకరణాల వారంలో నాలుగో లెక్క ఇది: (x − 3)(x + 2) = 4(x − 3). కేంద్రంలో అందరూ రెండు వైపులా ఉన్న x − 3ని కొట్టేశారు. x + 2 = 4 మిగిలింది. x = 2 అని రాసి, కింద రెండు గీతలు గీశారు. లెక్కలంటే గిట్టనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. x విలువ 3 అయితే ఆ x − 3 అనేది సున్నా. సున్నాతో భాగించకూడదని మనకి చిన్నప్పుడే చెప్పారు. అలా కొట్టేయడం వల్ల ఆ 3 అనే జవాబు కూడా చెత్తలోకి పోయింది. నిజానికి జవాబులు రెండు: రెండూ, మూడూ. ఇది కొత్త తప్పేమీ కాదు, పదో తరగతి పిల్లలు ఏటా చేసేదే. కానీ ఒక కేంద్రంలో అందరూ, ఒకే చోట, ఒకే రకంగా, అడుగున అవే రెండు గీతలతో చేయడం నేను అంతకుముందు చూడలేదు.

అందులో ఒకరికి ఫోన్ చేశాను.

“నాలుగో లెక్కలో ఏమైనా అనుమానం ఉందా అండీ?”

“లేదండీ, అంతా క్లియర్.”

“x − 3 కొట్టేసిన చోట...”

“మాస్టారు అలాగే వేశారు కదండీ” అన్నారు, అంతకంటే రుజువు ఇంకేం కావాలన్నట్టు.

ఆ మాస్టారు ఎవరో అప్పుడు తెలిసింది: ఆయనా మా కోర్సులో చేరిన లెక్కల ఉపాధ్యాయుడే. పామర్రు చుట్టుపక్కల పనిచేసే లెక్కల టీచర్లలో ముప్పాతిక మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్ల స్కూళ్లలో వాళ్లు సార్లూ మేడమ్‌లూ. ఆయన ముందు మాత్రం ఇంకా రెండో బెంచీ, మూడో బెంచీ. శనివారం లైవ్ క్లాసు అందరూ ఒక హైస్కూలు హాల్లో కూర్చుని టీవీలో చూసేవాళ్లు. క్లాసయ్యాక మాస్టారు లేచి ఆ వారం లెక్కలన్నీ బోర్డు మీద వేసేవారు. అందరూ రాసుకునేవారు. అవి ఫోటోలై నా దగ్గరికి వచ్చేవి. ‘దూరవిద్యలో గురువు కొరత’ గురించి మేము సమావేశాలు పెట్టుకుంటుంటే అక్కడ జరుగుతున్నది ఇది.

మాస్టారి జవాబు పత్రం మీద నేను ఎర్రరంగుతో ఒక వ్యాఖ్య పెట్టాను. ‘x = 3 కూడా సరిపోతుంది, గమనించగలరు.’ మర్యాదగానే ఉందనుకున్నాను. గంట తిరక్కుండా అదే కేంద్రం నుంచి ఒక టీచర్ గారు ఫోన్ చేశారు. మాస్టారి పత్రాలు ఫోటో తీసి ఎక్కించేది ఆవిడే. ఆయన ఫోన్ అంటే మాట్లాడటానికే అనుకునే మనిషి.

“బాబూ, ఆ ఎర్ర గీత కాస్త తీసేద్దురూ. మాస్టారు ఇంకా చూళ్లేదు.”

“తప్పు ఉంది కదండీ అక్కడ?”

“తప్పేనండీ.”

“మీకు తెలుసా?”

“బోర్డు మీద వేస్తున్నప్పుడే తెలిసిందండీ. మూడు వేస్తే రెండు పక్కలా సున్నాయే కదా.”

“మరి మీ పత్రంలో కూడా అదే రాశారేంటండీ?”

“బాగుందండీ! మాస్టారు బోర్డు మీద అలా వేశాక నేను కింద కూర్చుని వేరేగా రాయనా?”

“రేపు మీ పిల్లలకి కూడా ఇలాగే చెబుతారా?”

“అయ్యో, వాళ్లకెందుకు చెబుతాను? వాళ్లకి సరిగ్గానే చెబుతాను.” తర్వాత కాస్త తగ్గి అన్నారు: “మిగతావాళ్ల సంగతి నాకు తెలీదు లెండి. మాది మగ్గం ఇల్లు బాబూ. పడుగులో ఒక పోగు తెగితే, అతక్కుండా నేసుకుంటూ పోతే, చీర చివరిదాకా గీత పడుతుంది. నాకు తెలీకేం?”

“మీ నాన్నగారు నేసేటప్పుడు పోగు తెగితే ఎవరూ చెప్పేవారు కాదా మరి?”

“మా అమ్మ చెప్పేది. ‘నా కళ్లకేదో మసగ్గా ఉంది, ఇక్కడ ఏమన్నా ఉందేమో కాస్త చూడండి’ అనేది.” ఆవిడ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు దారి అక్కడే చూపించారని ఆ రోజు తెలియలేదు. ఆ ఎర్ర గీత తీసేశాను, పళ్లు కొరుక్కుంటూ.

ఇంతలో మేడం ఇంకో కబురు మోసుకొచ్చారు. మాస్టారు ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఆయన చేత వర్గ సమీకరణాల మీద ఒక మాదిరి పాఠం చెప్పించి, పామర్రు నుంచే లైవ్‌లో అన్ని కేంద్రాలకీ చూపించి, ఆ రికార్డింగును కోర్సులో శాశ్వతంగా ఉంచాలట. “ఆ గొంతు, ఆ బోర్డు రాత ఇక దొరకవయ్యా” అన్నారు. ఉదాహరణల కాగితం అప్పటికే వచ్చింది. నాలుగోది చూశాను. అదే లెక్క.

“మేడం, ఈ లెక్క ఆయన తప్పు చేస్తారు.”

“చేయరు.”

“చేశారు మేడం. కేంద్రం మొత్తం చేసింది.”

ఆవిడ కాగితం తీసుకుని చూశారు, కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. “అయితే నువ్వు చెప్పు.”

“నేనా? మీరు చెబితే బాగుంటుంది కదా మేడం.”

“ఆయన నాకంటే సీనియర్. నేనెలా చెబుతాను?”

“నేను ఆయన కొడుకు వయసువాణ్ని. నేనెలా చెబుతాను?”

“అందుకే నువ్వే చెప్పు. చిన్నవాడివి, ఏమీ అనుకోరు” అని బ్యాగు సర్దుకుని వెళ్లిపోయారు.

పరిస్థితి చూడండి. ముప్ఫై ఏళ్లకు పైగా చెప్పిన మనిషి చివరి పాఠం. అందులో ఆ తప్పు ఉండిపోతే ఆయన పేరుతోనే డెల్టా అంతా పాకుతుంది. ‘మాస్టారు అలాగే వేశారు’ అన్నది ఒక్క కేంద్రంతో ఆగదు. ఎవరైనా ఎత్తి చూపితే, అన్ని కేంద్రాల ముందు, ఆయన శిష్యుల ముందు, ఉద్యోగపు ఆఖరి వారంలో తల దించుకోవాలి. రికార్డింగులో ఆ ముక్క తర్వాత కత్తిరించవచ్చు గానీ లైవ్‌లో వెళ్లినదాన్ని ఏం చేస్తాం? ఇవన్నీ పాఠానికి ముందే ఆయన చెవిన ఒక్క మాట వేస్తే తీరిపోతాయి. ఆ ఒక్క మాట వేయాల్సినవాణ్ని నేను.

కెమెరా, లాప్‌టాప్ పట్టుకుని బందరు బస్సెక్కాను. ఉయ్యూరు దాటేదాకా ఆ మాటను నాలుగు రకాలుగా కూర్చాను. ‘మాస్టారూ, చిన్న మనవి’. ‘మాస్టారూ, సమయం సరిపోదేమో, నాలుగోది వదిలేద్దామా’. ‘మాస్టారూ, నాకే అర్థం కాలేదు’. నాలుగోది ఇప్పుడు గుర్తులేదు. మూడోది వాడి ఉంటే సరిపోయేది, అది నాకే నచ్చలేదు. అర్థమైనదాన్ని అర్థం కాలేదని ఎందుకు చెప్పాలి అనుకున్నాను.

హాల్లో మాస్టారు అప్పటికే బోర్డు తడిబట్టతో తుడిపించి, సొంత సుద్దముక్కల డబ్బాతో సిద్ధంగా ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. నన్ను ఎగాదిగా చూశారు.

“ఏం చదివావు బాబూ?”

“బీటెక్ అండీ.”

“అలాగా. లెక్కలు మానేసి ఎన్నాళ్లయింది?”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏడవలేక. మైకు తగిలించే వంకతో దగ్గరికి వెళ్లి, “మాస్టారూ, ఆ నాలుగో లెక్క...” అన్నాను.

“ఏం? కెమెరాకి కనబడదా?”

“కనబడుతుందండీ.”

“అయితే ఇంకేం?” అని డబ్బా మూత తీశారు.

శబ్దం రికార్డవుతుందని ఫ్యాన్లు ఆపించాను. చెమటలు కారుతుండగా పాఠం మొదలైంది. నిజం చెప్పొద్దూ, ఎంత బాగా చెప్పారనీ! మేము గవర్నర్‌పేటలో ఏసీ గదిలో తీసిన వీడియోలన్నీ దాని ముందు దిగదుడుపు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎదుటివాడి చేత చెప్పించాలో ఆయనకి తెలుసు. లాప్‌టాప్‌లో సందేహాల పెట్టె తెరిచే ఉంది. ‘నమస్కారం మాస్టారూ’, ‘పాదాభివందనం మాస్టారూ’, ‘మీ శిష్యుణ్ని, కైకలూరు’. ఒక్కటంటే ఒక్క ప్రశ్న లేదు.

నాలుగో లెక్క వచ్చింది. రెండు వైపులా x − 3 మీద అడ్డగీతలు పడ్డాయి. x = 2. కింద రెండు గీతలు. హాల్లో కలాలన్నీ కదిలాయి. పెట్టెలో చప్పట్ల బొమ్మలు వచ్చాయి. అన్ని కేంద్రాలూ చూస్తున్నాయి, ఒక్కరూ కిక్కురుమనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది లెక్కల టీచర్లలో ఒక్కరికి కూడా నోరు లేదా? నేనే దొంగపేరుతో పెట్టెలో అడిగేద్దామని కీబోర్డు మీద వేళ్లు పెట్టాను.

అప్పుడు మూడో వరుసలోంచి, నా చేత ఎర్ర గీత తీయించిన టీచర్ గారు లేచారు. చేతులు కట్టుకుని నిలబడ్డారు, బడిపిల్లలాగే.

“మాస్టారూ, మా పిల్లల్లో ఒకడు అడుగుతున్నాడండీ.”

“ఏమిటమ్మా?”

“ఈ లెక్కకి మూడు కూడా వేసి చూశాడండీ వాడు.”

“వేస్తే?”

“అటు సున్నా, ఇటు సున్నా వచ్చిందండీ. సరిపోయింది కదా, అది మాత్రం జవాబు ఎందుకు కాదంటాడు. వాడికేం చెప్పాలో నాకు తోచలేదు.”

మాస్టారు బోర్డు వైపు తిరిగారు. ‘మూడు’ అని గొణిగారు. సుద్దముక్క ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి గాల్లో కదిలింది. తర్వాత వెనక్కి తిరిగారు.

“ఎప్పుడడిగాడమ్మా వాడు?”

“కొన్నాళ్లయిందండీ.”

“ఇన్నాళ్లూ వాణ్నేం చేశావు?”

“కూర్చోమన్నానండీ.”

“కూర్చోమన్నావా!” అని ఆయన పెద్దగా నవ్వారు. “లేపవమ్మా వాణ్ని! వాడు చెప్పిందే రైటు. బోర్డు మీదది తప్పు.” అరచేత్తోనే ఆ అడ్డగీతలు తుడిచేశారు. అన్నీ ఒక వైపుకి తెచ్చి, x − 3 ఉమ్మడిగా తీసి, రెండు జవాబులూ రాశారు. తర్వాత కెమెరా వైపు చూసి అన్నారు: “సున్నాతో భాగిస్తే నా క్లాసులో చెవి మెలేసేవాణ్ని. ఈ సున్నా వేషం వేసుకుని వచ్చింది. నేనూ గుర్తుపట్టలేదు. మీ పిల్లలకి ఇది కూడా చెప్పండి.”

ఆ ముక్క నేను కత్తిరించలేదు. మేడం కూడా కత్తిరించమనలేదు. కోర్సు మొత్తంలో ఎక్కువమంది వెనక్కి తిప్పి చూసేది అదే.

క్లాసయ్యాక టీ తాగుతూ టీచర్ గారిని అడిగాను. “ఆ పిల్లవాడెవరండీ?”

ఆవిడ నన్ను జాలిగా చూశారు. పక్కనున్నాయన అందుకుని, “మా స్కూల్లోనూ ఉన్నాడు లెండి వాడు, ప్రతి స్కూల్లోనూ ఉంటాడు” అన్నారు. ఇంతలో మాస్టారు డబ్బా సర్దుకుంటూ అటుగా వచ్చారు.

“ఏమ్మా, మీ పిల్లవాడికి జడ ఉంటుందా?”

టీచర్ గారు తల వంచుకుని నవ్వేశారు. మాస్టారు డబ్బా పట్టుకుని వెళ్లిపోయారు.

తిరుగు బస్సులో నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. గడి పెద్దది చేశాను, పేరు తీసేశాను, తాళం వేశాను. వీళ్లకి కావలసింది పేరు దాచుకోవడం కాదు. సందేహం తమది కాకపోవడం. లెక్కల మాస్టారికి సందేహం ఉండకూడదు. ఆయన పిల్లలకి ఎన్నైనా ఉండవచ్చు. ఈ మాట ముందే ఎవరైనా నాతో చెబితే ఏం పోయేది? అడిగితే మాత్రం, ‘ఇది కూడా చెప్పాలా బాబూ’ అంటారు.

సోమవారం ఆ గడి మీది మాట మార్చాను: ‘మీ విద్యార్థి అడిగిన సందేహం ఇక్కడ రాయండి.’ మేడం పెదవి విరిచారు. శనివారానికల్లా పెట్టె పొంగిపొర్లింది. వర్గమూలం ముందు రెండు గుర్తులు ఎప్పుడు వేయాలని ఒక విద్యార్థి. బహుపదిని భాగించినప్పుడు శేషం సంగతి ఇంటర్లో కూడా అర్థం కాలేదని ఇంకో విద్యార్థి. చదివేదేమో తొమ్మిదో తరగతి. ‘మా విద్యార్థి ఇంట్లో శనివారం పెళ్లి ఉన్నది, అసైన్‌మెంటు సోమవారం పంపవచ్చునా?’ అని మరొకరు. అన్నిటికీ జవాబులు రాయలేక వేళ్లు నొప్పులు పుట్టాయి. పెట్టె ఖాళీగా ఉన్న రోజులే హాయి అనిపించిందంటే నమ్మండి. ఆ మార్పు తన ఆలోచనేనని మేడం పైవాళ్లకి చెప్పుకున్నారని కూడా తర్వాత తెలిసింది.

రిటైరైనవాళ్ల పేర్లు నెలనెలా కోర్సులోంచి తీసేయాలన్నది నిబంధన. అందరివీ తీసేసేవాణ్ని. మాస్టారిది వచ్చేసరికి చేయి రాలేదు. వచ్చే నెల చూద్దాంలే అనుకుంటూ వచ్చాను. నేను ఆ ఉద్యోగం వదలబోయే వారంలో ఆయన పేరుతో పెట్టెలో ఒకటి పడింది. ఈసారి ఆయనే టైపు చేసుకున్నట్టున్నారు, నిండా అచ్చుతప్పులు. సారాంశం ఇది:

‘మా విద్యార్థుల్లో ఒకడు అడుగుతున్నాడు. కొట్టివేస్తే జవాబు పోతుందని తెలిసింది. కానీ రెండు వైపులా వర్గం చేస్తే, లేని జవాబు ఒకటి వచ్చి చేరుతున్నది. దాన్ని ఏం చేయాలి?’

ఆయనకి తరగతి లేదు, బడి లేదు. నేను జవాబు రాశాను. ‘మాస్టారూ, వచ్చిన ప్రతి జవాబునూ మొదటి సమీకరణంలో వేసి చూసుకోమని ఆ విద్యార్థికి చెప్పండి. సరిపోనిదాన్ని వదిలేయమనండి.’

కాసేపటికి తిరుగు జవాబు వచ్చింది.

‘చెబుతాను బాబూ. వాడు కాస్త నిదానం. మళ్లీ అడిగితే విసుక్కోవద్దు.’